సొంతంగా కట్టే విమానానికి ఫైర్‌వాల్ ఇన్సులేషన్: ఏది, ఎటు వైపు, ఎలా

విమానం సొంతంగా కట్టుకునేవాళ్లు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడ) దాకా వచ్చేసరికి అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. "కాళ్ల దగ్గర వేడి తగ్గాలి, వీలైతే చప్పుడూ తగ్గాలి. క్యాబిన్ లోపలి వైపు ఏం అతికిస్తే మంచిది?" నా జవాబు చాలామందికి నచ్చదు: లోపలి వైపు ఏమీ అతికించకండి. ముందు కన్నాలు మూయండి. ఆ తర్వాత కూడా ఇన్సులేషన్ కావాలనిపిస్తే ఇంజిన్ వైపు వేయండి. అది ఎలా వేయాలో కింద వరుసగా రాస్తున్నాను.

కారణం క్లుప్తంగా చెబుతాను. ఇంజిన్ గదిలో మంట లేస్తే మీరు విమానాన్ని కిందికి దించేదాకా ఆ మంటను అక్కడే ఆపడం ఫైర్‌వాల్ పని. సర్టిఫైడ్ విమానాల లెక్కలో దానికి వాడే కొలమానం సుమారు 1,093 డిగ్రీల సెల్సియస్ మంటను 15 నిమిషాలు తట్టుకోవడం. అమెరికా నియమావళి 23వ భాగం చిన్న విమానాలకు చాలాకాలం పాటు 0.015 అంగుళాల (0.38 మి.మీ.) స్టెయిన్‌లెస్ స్టీల్ రేకును, లేదా తుప్పు పట్టకుండా రక్షించిన 0.018 అంగుళాల మామూలు ఉక్కు రేకును పరీక్ష లేకుండానే ఒప్పుకుంది. హోమ్‌బిల్ట్‌లకు ఆ నియమం నేరుగా వర్తించకపోయినా మన కిట్లలో వచ్చే రేకు మందాలు ఇంచుమించు అక్కడివే.

ఆ రేకు కరగదు. కానీ ఎర్రగా కాలుతుంది. ఇటు మంట తగులుతుంటే అటు, అంటే మీ కాళ్ల వైపు, అదే రేకు ఎర్రబడి ఉంటుంది. దానికి అంటించి ఉన్న ఫోమ్, జిగురు, తారు షీటు, ఆఖరికి పెయింట్ కూడా అక్కడే పొగ వదులుతాయి, కొన్ని అంటుకుంటాయి. మంట ఇంకా ఫైర్‌వాల్ దాటకపోయినా పొగ మాత్రం క్యాబిన్‌లోనే పుడుతుంది. పాలియురెథేన్ ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. లోపలి వైపు దుప్పటి కప్పితే రేకు తన వేడిని వదిలించుకునే దారి మూసుకుపోతుంది, అందుకే అది ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. రేకుకు వెనక రివెట్ చేసిన అల్యూమినియం యాంగిల్స్ సంగతి చూడండి. 6061 అల్యూమినియం 580 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది, బలం అంతకంటే చాలా ముందే పోతుంది. ఇన్సులేషన్ ఇంజిన్ వైపు ఉంటే రేకు, యాంగిల్స్, క్యాబిన్ అన్నీ దాని నీడలో ఉంటాయి.

ముందు వేడి ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి

మీ విమానం ఇప్పటికే ఎగురుతుంటే ఈ పని తప్పకుండా చేయండి. ఇంకా కడుతున్నవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు.

అంటించుకునే ఉష్ణోగ్రత లేబుళ్లు దొరుకుతాయి. ఒక ఉష్ణోగ్రత దాటగానే గడి నల్లబడుతుంది, మళ్లీ మారదు. వాటిని నాలుగు చోట్ల అంటించండి: ఫైర్‌వాల్ మధ్యలో, హీటర్ వాల్వ్ పక్కన, పెడల్స్ కింద నేల మీద, ఎగ్జాస్ట్ గొట్టం బయటికి వెళ్లే చోటికి సరిగ్గా పైన. ఒక మామూలు ఫ్లైట్ చేసి, దిగగానే చూడండి. ఇంజిన్ ఆపిన అరగంటకు ఇంకోసారి చూడండి. గాలి ఆగిపోయాక కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) లోపలి వేడి పైకెక్కుతుంది కాబట్టి రెండోసారి ఎక్కువ చూపించొచ్చు. గాల్లో మీకు తెలిసే వేడి మాత్రం మొదటిసారి చూసినదే.

నేల మీద లేబుల్ ఎక్కువ చూపిస్తే ఫైర్‌వాల్‌కు ఎంత ఇన్సులేషన్ వేసినా మీ కాళ్లు చల్లబడవు. అక్కడ కావలసింది పొట్ట కింద, ఎగ్జాస్ట్‌కూ రేకుకూ మధ్య, ఒక సెంటీమీటరు గాలి సందు వదిలి బిగించిన పలుచని స్టెయిన్‌లెస్ షీల్డ్. హీటర్ వాల్వ్ పక్కది ఎక్కువ చూపిస్తే వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా మూసినప్పుడు వేడి గాలి బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తోంది. కాళ్లు కాలుతున్నాయనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ రెండే. ఫైర్‌వాల్ మధ్యలోది ఎక్కువ చూపించినప్పుడే కింది ఇన్సులేషన్ పని మొదలుపెట్టండి, కన్నాలు మూసే మొదటి రెండు మెట్లు మాత్రం ఎలాగూ చేయండి.

చప్పుడు కోసమే అయితే ముందే చెప్పేస్తున్నా, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 3 మి.మీ. ఫైబర్ పొర ఇంజిన్ గుర్రుమనే లోతైన శబ్దాన్ని పెద్దగా ఆపలేదు. గాలి దూరే సందులు మూస్తే వచ్చే తేడా దీనికంటే ఎక్కువ తెలుస్తుంది.

కావలసినవి

- సెరామిక్ ఫైబర్ పేపర్ లేదా పలుచని బ్లాంకెట్, 3 మి.మీ. మందం. పాత రకం రిఫ్రాక్టరీ సెరామిక్ ఫైబర్ క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది (2బి వర్గం). ఆల్కలైన్ ఎర్త్ సిలికేట్ రకం, అంటే ఏఈఎస్ ఉన్ని, ఊపిరితిత్తుల్లో ఎక్కువకాలం నిలవదు, 1,200 డిగ్రీల వర్గంలోనూ దొరుకుతుంది. అదే కొనండి.
- 304 లేదా 321 స్టెయిన్‌లెస్ ఫాయిల్, 0.05 మి.మీ. (0.002 అంగుళాలు). చేత్తో మడతపడేలా అనీల్ చేసినది.
- ఫైర్ బ్యారియర్ సీలెంట్. మామూలు ఎర్ర హై టెంపరేచర్ సిలికాన్ దీనికి సరిపోదు.
- ఫైబర్‌ను తాత్కాలికంగా నిలపడానికి కొంచెం న్యూట్రల్ క్యూర్ సిలికాన్. వెనిగర్ వాసన వచ్చేది వద్దు, అది లోహాన్ని తినేస్తుంది.
- 3.2 మి.మీ. స్టెయిన్‌లెస్ లేదా మోనెల్ పాప్ రివెట్లు, 20 మి.మీ. పైబడిన వెడల్పు ఉన్న స్టెయిన్‌లెస్ వాషర్లు.
- వైర్లు, కేబుళ్లు దాటించడానికి స్టెయిన్‌లెస్ ఫ్లాంజ్ గొట్టాలు (ఒక చివర వెడల్పాటి అంచు ఉన్నవి), ఉక్కు ఐబాల్ ఫిట్టింగులు (కేబుల్ దూరే, అటూ ఇటూ తిరిగే బంతి ఉన్నవి), ఫైర్‌స్లీవ్ (మంటను తట్టుకునే తొడుగు), స్టెయిన్‌లెస్ క్లాంపులు.
- పీ100 మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, మందపాటి గ్లవ్స్. ఫాయిల్ అంచు బ్లేడులా కోస్తుంది.
- అట్టలు, మార్కర్, కత్తెర, చెక్క రోలర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గ్రాముల్లో తూచే కాటా.
- పరీక్షకు ప్రొపేన్ టార్చ్, థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఉన్న మీటర్, మంటలార్పే సిలిండర్.

పాత ఆస్బెస్టాస్ షీటు ఎవరి షెడ్డులోనైనా ఉందంటే, ఎంత ఉచితంగా ఇస్తామన్నా ముట్టుకోకండి.

పని వరుస

1. కన్నాల లెక్క తీయండి. కాగితం మీద ఫైర్‌వాల్ బొమ్మ గీసి, దానిలోని ప్రతి రంధ్రాన్నీ గుర్తు పెట్టండి. థ్రాటిల్, మిక్స్చర్, ఇంధన గొట్టం, బ్రేక్ గొట్టం, వైర్ల కట్ట, హీటర్, ఒకప్పుడు వేసి ఇప్పుడు వాడని రంధ్రాలు, ఏదీ వదలొద్దు. ప్రతి దాని పక్కన అది ఏ పదార్థంతో చేసిందో రాయండి. ఏఎన్ ఫిట్టింగుల్లో (విమానాల గొట్టాలు కలిపే ప్రామాణిక ఫిట్టింగులు) నీలం రంగువి అల్యూమినియంవి. ఫైర్‌వాల్‌లో నీలం కనిపించిందంటే అది మంటలో కరిగి కన్నంగా మారే చోటు. ఇంధన గొట్టానిదైతే ఆ కన్నంలోంచి పెట్రోలు కూడా వస్తుంది. హీటర్ పెట్టె అల్యూమినియందైతే అదీ అంతే, రెండు అంగుళాల కిటికీ తెరిచినట్టే. ప్లాస్టిక్ స్నాప్ బుషింగులు, రబ్బరు గ్రామెట్లు, ప్లాస్టిక్ బ్రేక్ ద్రవం డబ్బా కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

రివెట్ల దగ్గర చాలామంది పొరపడతారు. అయస్కాంతం పెట్టి చూసి "ఇది ఉక్కే" అనుకుంటారు. అల్యూమినియం పాప్ రివెట్‌లో కూడా లోపలి మేకు ఉక్కుది కావచ్చు, అయస్కాంతం దాన్నే లాగుతుంది. ప్యాకెట్ మీద ఏముందో చదవండి. ప్యాకెట్ లేకపోతే ఆ రివెట్లు ఇక్కడ వాడకండి.

2. కన్నాలను సరిచేయండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్క మెట్టే చేసే తీరిక ఉంటే ఇదే చేయండి. మిగతావన్నీ దీని తర్వాతే.

నీలం ఫిట్టింగుల చోట ఉక్కువి వేయండి. హీటర్ పెట్టె స్టెయిన్‌లెస్‌ది పెట్టండి. కంట్రోల్ కేబుళ్లకు ఉక్కు ఐబాల్. వైర్ల కట్టకు ఫ్లాంజ్ ఉన్న స్టెయిన్‌లెస్ గొట్టాన్ని ఇంజిన్ వైపు ముక్కు ఉండేలా రివెట్ చేయండి. ఆ ముక్కు మీదుగా ఫైర్‌స్లీవ్ తొడిగి, వైర్ల మీద కొంత దూరం పోనిచ్చి, రెండు చివర్లా క్లాంపులు బిగించండి. గొట్టం లోపలి ఖాళీలో సెరామిక్ ఫైబర్ ముక్కలు దూర్చి, మీద ఫైర్ బ్యారియర్ సీలెంట్ పూయండి. ఒట్టి సీలెంట్‌తో పెద్ద ఖాళీ నింపితే మంటలో అది ముద్దగా ఊడి పడుతుంది. వెనక దన్ను ఉండాలి.

వాడని రంధ్రాల మీద అదే మందం ఉన్న స్టెయిన్‌లెస్ బిళ్ల, రేకుకూ బిళ్లకూ మధ్య సీలెంట్, ఉక్కు రివెట్లు. అల్యూమినియం టేపు అతికించి వదిలేయడం కుదరదు.

సిలికాన్ జాతి సీలెంట్లు పెట్రోలులో ఉబ్బుతాయి. ఇంధన ఫిట్టింగు చుట్టూ బయట పూయొచ్చు కానీ, గొట్టం థ్రెడ్ల లోపలికి పోనివ్వకండి.

3. చిన్న ముక్క కాల్చి చూడండి. పెద్ద రేకు ముట్టుకునే ముందే ఈ పని. మీ ఫైర్‌వాల్ రేకు లాంటిదే 15 సెం.మీ. చదరం ముక్క తీసుకోండి. ఇంజిన్ వైపు మీరు వేయబోయే ఫైబర్, ఫాయిల్, రివెట్, సీలెంట్ అన్నీ అసలులాగే వేయండి. పక్కన ఇంకో ముక్క ఏమీ వేయకుండా ఉంచండి. ఆరుబయట, గాలి వచ్చే వైపు నిలబడి, రెండు ఇటుకల మధ్య ముక్కను నిలువుగా పెట్టి టార్చ్ పట్టండి. వెనక థర్మోకపుల్ ఆనించండి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

ఒట్టి రేకు వెనక వైపు చాలా త్వరగా ఎర్రబడుతుంది. ఇన్సులేషన్ ఉన్నది ఎంతసేపటికి ఎంత వేడెక్కిందో నిమిషానికోసారి రాసుకోండి. ఐదు నిమిషాలు పట్టినా మీకు కావలసిన తేడా కనిపిస్తుంది, ఓపిక ఉంటే 15 నిమిషాలు పట్టండి. ఫైబర్ పేపర్ నుంచి మొదట్లో కొంచెం పొగ వస్తుంది. పేపర్‌ను కలిపి ఉంచే ఆర్గానిక్ బైండర్ కాలి పోయే పొగ అది. ఆ పొగ ఇంజిన్ వైపే వస్తుంది కాబట్టి పర్వాలేదు. అదే లోపలి వైపు వేసి ఉంటే ఆ పొగ పీల్చేది మీరే.

ఎవరైనా "మా ఫోమ్ విమానాలకు పాసైంది" అని అమ్మజూపితే దాని ముక్క కూడా ఒట్టి రేకు వెనక అతికించి ఇలాగే కాల్చండి. ఆ లేబుళ్ల మీద తరచూ కనిపించే 25.853 పరీక్ష (అమెరికా నియమావళిలోని ఒక నియమం నంబరు అది) క్యాబిన్ సామగ్రికి పెట్టేది. నిలువుగా వేలాడదీసిన ముక్కకు బన్సెన్ బర్నర్ మంట 12 సెకన్లో 60 సెకన్లో తగిలించి, తీశాక ఆరిపోతుందా లేదా అని చూస్తారు. ఎర్రగా కాలిన ఉక్కుకు నిమిషాల తరబడి అతుక్కుని ఉండటం వేరే సంగతి. ముక్క కాల్చి చూశాక ఈ విషయంలో ఎవరితోనూ వాదించే అవసరం రాదు.

ఇది మోటు పరీక్షే. చేతి టార్చ్ ప్రామాణిక బర్నర్‌కు సాటి రాదు, కాబట్టి మీ ముక్క నిలబడిందని సర్టిఫికెట్ వచ్చినట్టు అనుకోవద్దు. ఏది పనికిరాదో తేల్చడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

4. అట్టతో నమూనా కోయండి. ఇంజిన్ ఎక్కించక ముందైతే ఒకటి రెండు పెద్ద ముక్కలుగా వేయొచ్చు. ఇంజిన్ ఇప్పటికే ఉంటే నాలుగైదు చిన్న ప్యానెళ్లుగా ఆలోచించండి. పై ప్యానెల్ అంచు కింది ప్యానెల్ మీదికి 25 మి.మీ. రావాలి, ఇంటి కప్పు పెంకుల్లా. అలా ఉంటే కారిన నూనె సందులోకి దూరకుండా పైనుంచే జారిపోతుంది.

కొన్ని చోట్ల ఇన్సులేషన్ అసలు ఉండకూడదు. ఇంజిన్ మౌంట్ పాదాల కింద, గ్రౌండ్ బోల్టు చుట్టూ, బ్యాటరీ పెట్టె, గ్యాస్‌కొలేటర్ (ఇంధనంలో నీళ్లు, మురికి పట్టే గిన్నె), రిలేలు బిగించే బోల్టుల కింద రేకు ఖాళీగా ఉండాలి. మౌంట్ పాదం కింద మెత్తటి పొర చిక్కితే అది నెమ్మదిగా అణిగి బోల్టు టార్క్ పోతుంది. గ్రౌండ్ బోల్టు కింద ఫైబర్ ఉంటే స్టార్టర్ కరెంటు వెతుక్కుంటూ కంట్రోల్ కేబుళ్ల గుండా పోతుంది. అట్టలోనే ఈ ఖాళీలన్నీ కోసి, చుట్టూ 5 మి.మీ. అదనంగా వదలండి.

5. చోటు సరిపోతుందో చూడండి. మాగ్నెటోల (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి) వెనక, ఆయిల్ ఫిల్టర్ వెనక, ప్రొపెల్లర్ గవర్నర్ దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఎక్కువే. ఫిల్టర్ విప్పడానికి రెంచి పట్టే చోటు కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఆపేటప్పుడు మరీ ఊగుతుంది. ఆ ఊపులో ఏదైనా గొట్టం ఫాయిల్‌కు రాసుకుంటుందనిపిస్తే అక్కడ ప్యానెల్ తగ్గించండి.

6. ఫైబర్ కోయండి. మాస్క్ పెట్టుకున్నాకే ప్యాకెట్ విప్పండి. పేపర్ మీద కొంచెం నీళ్లు చిలకరిస్తే ధూళి లేవదు. పవర్ టూల్స్ వద్దు, కత్తెర చాలు. కోతలు అయ్యాక తడి గుడ్డతో తుడవండి, చీపురుతో ఊడవకండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఫైబర్ ముక్క ఫాయిల్ ముక్క కంటే చుట్టూ 12 మి.మీ. చిన్నదిగా ఉండాలి.

7. ఫాయిల్ మడవండి. ఫాయిల్ మీద ఫైబర్ పరిచి, మిగిలిన 12 మి.మీ. అంచును ఫైబర్ మీదికి మడిచి చెక్క రోలర్‌తో నొక్కండి. మూలల్లో ఒక పొర మీద ఒక పొర వచ్చేలా మడవండి, కత్తిరించి తెరిచి ఉంచొద్దు. రంధ్రాల దగ్గర ఫాయిల్‌ను నక్షత్రంలా కోసి ఆ రెక్కలు వెనక్కి మడవండి. ఎక్కడా ఫైబర్ అంచు బయటికి కనిపించకూడదు. కనిపించిన చోటల్లా అది దీపం వత్తిలా నూనె పీలుస్తుంది. నూనె తాగిన ఇన్సులేషన్ ఉండటం కంటే అసలు లేకపోవడం నయం.

ఫాయిల్ మీద గీతలు, ముడతలు పడితే పర్వాలేదు. చిరుగు పడితే ఆ ముక్క పక్కన పెట్టి కొత్తది చేయండి.

8. రేకు శుభ్రం చేసి ప్యానెల్ నిలపండి. ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి. ప్యానెల్ వెనక నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, బఠాణీ గింజంత సిలికాన్ చుక్కలు పెట్టి అదమండి. ఇది పని సాగేదాకా కదలకుండా ఉండటానికి మాత్రమే. స్ప్రే జిగురు మొత్తం కొట్టేసి "ఇక ఊడదు" అనుకునేవాళ్లున్నారు. మంట వేడికి ముందు పోయేది ఆ జిగురే.

9. బిగించండి. వీలైనంత వరకు ఫైర్‌వాల్ మీద ఇప్పటికే ఉన్న బోల్టులు, స్క్రూలనే వాడుకుని, వాటి కింద వెడల్పాటి వాషర్‌తో ప్యానెల్ అంచును పట్టించండి. మౌంట్, గ్రౌండ్ బోల్టులను, నాలుగో మెట్టులో రేకు ఖాళీగా ఉండాలన్న మిగతా బోల్టులను మాత్రం వాడకండి. అవి లేని చోట సుమారు 15 సెం.మీ.కు ఒక రివెట్, దాని కింద వాషర్. మధ్య భాగంలో కూడా ఒకటి రెండు పడాలి. లేకపోతే ఫాయిల్ గాలికీ వైబ్రేషన్‌కీ టపటపలాడి కొన్నాళ్లకు పగులుతుంది. డ్రిల్ చేసే ముందు రేకు వెనక ఏముందో రెండోసారి చూడండి. డాష్ వెనక వైర్ల కట్ట, బ్రేక్ గొట్టం, రడ్డర్ పెడల్ బ్రాకెట్ సరిగ్గా మీకు రంధ్రం కావాలనిపించిన చోటే ఉంటాయి.

ఇంజిన్ వైపు తడుముకునే చోటు లేకపోతే రివెట్ బదులు లోపలి నుంచి స్టెయిన్‌లెస్ స్క్రూ, బయట మొత్తం లోహంతో చేసిన లాక్ నట్. నైలాన్ నట్లు ఇక్కడ పనికిరావు.

10. అంచులు సీల్ చేయండి. ప్యానెల్ చుట్టూ, రివెట్ తలల మీద, రంధ్రాల చుట్టూ ఫైర్ బ్యారియర్ సీలెంట్ పలుచగా పూసి వేలితో నునుపు చేయండి. అడుగు అంచులో మాత్రం రెండు చోట్ల అర సెంటీమీటరు ఖాళీ వదలండి. పది వేల అడుగుల ఎత్తులో గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో 70 శాతం దగ్గర ఉంటుంది. లోపల చిక్కిన గాలికి దారి లేకపోతే ఫాయిల్ అప్పడంలా ఉబ్బుతుంది. తేమ కూడా ఆ ఖాళీల్లోంచే పోతుంది. సీలెంట్ ట్యూబ్ మీద చెప్పినంత కాలం ఆరనివ్వండి, హీటర్ పెట్టి తొందరపెట్టొద్దు.

11. సామాను తిరిగి బిగించండి. గ్రౌండ్ బోల్టు చుట్టూ రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, ఇంజిన్ కేస్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. పని మొదలుపెట్టే ముందే ఒకసారి కొలిచి రాసుకుని ఉంటే పోల్చుకోవడం సులువు.

12. బరువు రాయండి. 3 మి.మీ. ఫైబర్ పేపర్ సాంద్రత ఘనపు మీటరుకు 200 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకు 600 గ్రాములు. 0.05 మి.మీ. స్టీల్ ఫాయిల్ ఇంకో 400 గ్రాములు. అంటే చదరపు మీటరుకు కిలో, సీలెంట్, రివెట్లు పైన. మీ ప్యానెళ్లను బిగించే ముందు విడిగా తూచి, మీ ప్లాన్స్‌లోని డేటమ్ (దూరాలన్నీ కొలిచే మొదటి గీత) నుంచి ఫైర్‌వాల్ దూరం తీసుకుని వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీటులో చేర్చండి. చిన్న బరువే, అయినా ముక్కు వైపు పడుతుంది.

చెక్క, కాంపోజిట్ విమానాలకు

ఇక్కడ ఇన్సులేషన్ ఐచ్ఛికం కాదు. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 100 డిగ్రీల లోపే మెత్తబడతాయి. ఇంజిన్ మౌంట్ పట్టుకుని ఉన్నది ఆ ఎపాక్సీనే అయితే మంట దాకా కూడా అక్కర్లేదు, రోజూ ఉండే వేడే సమస్య. ప్లైవుడ్ లేదా ఫైబర్‌గ్లాస్ గోడ మీద ముందు ఫైబర్ పొర, దాని మీద 0.38 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు, ఇదీ వరుస. ఇక్కడ పలుచని ఫాయిల్ సరిపోదు, ఎందుకంటే వెనక ఉక్కు గోడ లేదు, ఆ రేకే ఫైర్‌వాల్. మౌంట్ బోల్టుల చోట ఫైబర్ కోసేసి, అక్కడ అణగని గట్టి స్పేసర్ పెట్టాలి. దాని కొలతలు మీ డిజైనర్‌ను అడిగి తీసుకోండి, అంచనాతో చేయకండి.

లోపలి వైపు వేయాల్సిందే అంటారా

చప్పుడు కోసం కొందరు ఎలాగూ వేస్తారు. అలాంటప్పుడు జిగురు లేకుండా, రేకుకు ఆనకుండా, ఒక వేలు సందుతో, మెకానికల్‌గా పట్టించిన పాలిఇమైడ్ ఫోమ్ గానీ బైండర్ తక్కువున్న ఫైబర్‌గ్లాస్ గానీ వేసుకోండి. అది కూడా ఇంజిన్ వైపు పని పూర్తయ్యాకే. కార్ల తలుపులకు వేసే తారు షీట్లు, వెండి రంగు బుడగల షీటు, పరుపుల ఫోమ్ వద్దు. వెండి రంగు మెరుపు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. ఆ మెరుపు కింద ఉన్నది పాలిథిన్.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

రాత్రి పూట, కౌలింగ్ తీసి, క్యాబిన్ లోపల పెడల్స్ దగ్గర బలమైన లైటు పెట్టండి. ముందు నుంచి ఫైర్‌వాల్ చూడండి. వెలుతురు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ కన్నం ఉంది. మూలల్లో, అడుగున రేకులు కలిసే చోట, కేబుళ్ల చుట్టూ మరీ జాగ్రత్తగా చూడండి. ఆ తర్వాత లైటును ఇంజిన్ వైపు పెట్టి లోపలి నుంచి చూడండి. ఒక వైపు నుంచి కనిపించనివి ఇంకో వైపు నుంచి దొరుకుతాయి.

నేల మీద ఇంజిన్ నడిపి ఆపాక వేలితో ప్రతి వాషర్‌నూ తట్టండి. వదులైనదాని చప్పుడు వేరుగా ఉంటుంది. కంట్రోల్స్ పూర్తి దూరం కదిలించి ఐబాల్స్‌లో పట్టేసినట్టు ఉందేమో చూడండి. థ్రాటిల్ బిగుసుకుంటే ఇన్సులేషన్ ఎంత బాగున్నా ఆ విమానం ఎగరకూడదు.

మొదటి ఫ్లైట్‌కు డిజిటల్ కార్బన్ మోనాక్సైడ్ మీటర్ పట్టుకెళ్లండి. రంగు మారే కార్డు పాతబడిందో లేదో గుర్తుండదు, నెమ్మదిగా స్పందిస్తుంది కూడా. హీటర్ మూసి, తెరిచి, క్లైంబ్‌లో, దిగేటప్పుడు, నాలుగు స్థితుల్లో అంకె చూడండి. హీటర్ తెరిచినప్పుడు మాత్రమే పెరిగితే తప్పు ఫైర్‌వాల్‌ది కాకపోవచ్చు, హీటర్ మఫ్ (గాలిని వేడి చేయడానికి ఎగ్జాస్ట్ చుట్టూ ఉండే తొడుగు) లోపల ఎగ్జాస్ట్ గొట్టం పగిలి ఉండొచ్చు. విమానం దించి అది చూడండి. లేబుళ్లు కొత్తవి అంటించి పాత అంకెలతో పోల్చండి. మధ్య లేబుల్ తగ్గి, నేల మీదది అలాగే ఉంటే, ఇక మిగిలిన పని పొట్ట కింద షీల్డ్.

ఆ తర్వాత కౌలింగ్ తీసిన ప్రతిసారీ ఒక చూపు. ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో మాత్రం అడుగు అంచులోని ఆ రెండు ఖాళీల దగ్గర తెల్ల గుడ్డ ఒత్తి చూడండి. నూనె మరక అంటితే లోపల ఫైబర్ తడిసింది. దాన్ని కడగడం, ఆరబెట్టడం కుదరదు. ముందు నూనె ఎక్కడ కారుతోందో పట్టుకోండి, ఆ ప్యానెల్ విప్పి పారేయండి, కింది రేకు తుడిచి, దాచి ఉంచిన అట్ట నమూనాతో కొత్తది కోయండి.